గోడను తన్నిన మాలకీ

"గాల్వేలో నేరం చెయ్యదలచినవాడు ముందు నా కళ్ళలో కారం కొట్టాలి. లేదా ఊరు వదిలి పోవాలి. మూడో దారి లేదు," అని ప్రకటించాడు మాలకీ హెషన్, ఎవరిదో రొట్టెముక్కకు ఎవరిదో వెన్న రాసుకుంటూ.

ఈ మహత్తర ప్రకటన చెవిన పడే భాగ్యం ఆ ఉదయం ఎత్నా ఒక్కదానికే దక్కింది. నూలా హాస్టల్ కౌంటర్లో పదకొండేళ్ళుగా కూర్చుంటున్న మనిషి ఎత్నా. తాగి వచ్చినవాళ్ళను, తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళను, పై మంచం ఎక్కి దిగలేనివాళ్ళను చూసి చూసి ఆమెకు దేనికీ ఆశ్చర్యం కలగడం మానేసింది. వెన్న డబ్బా మీద వేరేవాళ్ళ పేరుందని మాత్రం చెప్పింది. అది ఆధారమేగాని అడ్డంకి కాదన్నాడు మాలకీ.

మాలకీ ఆ హాస్టల్‌కు వచ్చింది శని, ఆదివారాలు గడిపి వెళదామని. అది రెండేళ్ళ కిందటి మాట. యజమానురాలు నూలాకు, పోయిన భర్త తరఫున, వరసకు మరిది అవుతాడు. ఆ వరస పట్టుకుని ఎనిమిది మంచాల గదిలో కిటికీ పక్క కింది మంచం ఆక్రమించి, చుట్టూ దుప్పటి వేలాడదీసి, దానికి 'ఆఫీసు' అని పేరు పెట్టాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. ఆ ఇరవై రెండేళ్ళలో టికెట్ లేకుండా పట్టుబడినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు మాలకీ వాళ్ళమ్మ. ఆవిడ దగ్గర టికెట్ ఉందని తర్వాత తేలింది. ఇంతటి అనుభవాన్ని ఊరికే వదిలెయ్యడం దేశద్రోహం అవుతుందని ఆయన డిటెక్టివ్ వృత్తి చేపట్టాడు.

అప్పుడే వంటగది తలుపు తోసుకుని నూలా వచ్చింది. చేతిలో ఖాళీ దిండు గలీబు వేలాడుతోంది.

"పోయింది," అంది.

ఆ గలీబులో ఉండాల్సింది ప్రాగ్ బాలయేసు బొమ్మ. మూరెడు ఎత్తు, ఎర్ర అంగీ, నెత్తిన బంగారు రంగు కిరీటం. నూలా వాళ్ళమ్మ నుంచి వచ్చింది. పెళ్ళికి ముందురోజు ఈ బొమ్మను ఆరుబయట నిలబెడితే పెళ్ళిరోజు వాన పడదు. వేరే చోట్ల దీన్ని మూఢనమ్మకం అంటారేమో, గాల్వేలో ముందుజాగ్రత్త అంటారు. వారంలో ఐదు రోజులు వానపడే ఊళ్ళో మనిషన్నవాడు ఎవరి కాళ్ళయినా పట్టుకుంటాడు మరి. రేపు శనివారం నూలా కూతురు గ్రాన్యా పెళ్ళి. విందు హాస్టల్ పెరట్లో. పందిరి వెయ్యలేదు, వేస్తే బొమ్మను అవమానించినట్టవుతుందని నూలా ఒప్పుకోలేదు.

దుప్పట్లు దాచే గదిలో, బీరువా అడుగున, గలీబులో చుట్టి ఉంచింది దాన్ని. దుమ్ము తుడుద్దామని ఇప్పుడే తీస్తే గలీబు ఉంది, బాలయేసు లేడు.

మాలకీ కళ్ళు మూసుకున్నాడు. గదిలో రక్తం గడ్డకట్టే నిశ్శబ్దం అలముకుంది. నిజానికి ఫ్రిజ్ గురగుర వినిపిస్తూనే ఉంది.

"వదినా, ఈ గలీబుతో దొంగ ఒక పెద్ద తప్పు చేశాడు," అన్నాడు కళ్ళు తెరిచి.

"ఏమిటది?"

"అది ఇంకా తెలియలేదు."

నూలాకు మాత్రం దొంగెవరో తెలిసిపోయింది. కాబోయే అల్లుడు లోర్కన్. ఆ కుర్రాడు వాతావరణ శాఖలో పని చేస్తాడు, రేడియోలో రోజూ సాయంత్రం రేపటి వాన సంగతి చదువుతాడు. రెండు నెలల కిందట భోజనాల దగ్గర నూలా తన పెళ్ళి గురించి చెబుతూ, ముందురోజు దాకా కుండపోత, బొమ్మ పెట్టగానే తెల్లారి ఎండ విరగకాసిందని మురిసిపోయింది. లోర్కన్ ఎంతో మర్యాదగా, ఆ రోజు పాత లెక్కలు తీసి చూశాననీ, దక్షిణం నుంచి పొడిగాలి రావడం వల్లే ఎండ కాసిందనీ, సున్నపు బొమ్మకూ గాలి ఒత్తిడికీ సంబంధం లేదనీ వివరించాడు. అతను అబద్ధం చెప్పినా నూలా క్షమించేది. వెళ్ళి లెక్కలు తీసి చూశాడే, అది మనసులో నాటుకుపోయింది. అప్పటినుంచీ అతన్ని పేరు పెట్టి పిలవడం మానేసి 'ఆ వాతావరణం' అంటోంది.

ఇప్పుడు ఆ వాతావరణమే తన బొమ్మను ఏ చెత్తబుట్టలోనో పారేశాడని ఆమె నమ్మకం. ఆ బొమ్మ లేకుండా తమ ఇంట్లో మూడు తరాలుగా పెళ్ళి జరగలేదంది. సాయంత్రం ఐదింటికి బొమ్మ గుమ్మం బయట ఉండాలి. లేకపోతే ఫాదర్‌కు ఫోన్ చేసి పెళ్ళి ఆపేస్తుంది. పారేసింది అతనే అని తేలితే ఆపెయ్యడమేమిటి, ఇక ఆ సంబంధం ఊసే ఉండదు. నూలా ఒక మాట అంటే దాన్ని వెనక్కి తీసుకున్న దాఖలా గాల్వేలో ఎవరి దగ్గరా లేదు.

ఎత్నా దుప్పట్ల గదిలోకి వెళ్ళేసరికి గ్రాన్యా ఉతికిన దుప్పట్ల మూట మీద కూర్చుని ఏడుస్తోంది. బడి నుంచి వచ్చి కౌంటర్ మీద పుస్తకాలు పరుచుకుని హోంవర్క్ రాసుకున్న పిల్ల అది. ఎత్నాకు ఎక్కాలు అప్పజెప్పిన పిల్ల.

"లోర్కన్ అలాంటివాడు కాదు ఎత్నా ఆంటీ. అమ్మ పొద్దున ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టేసింది. అతను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అదే నాకు భయంగా ఉంది," అంది గ్రాన్యా.

ఐదింటిలోగా దొరుకుతుందని ఎత్నా మాట ఇచ్చింది. ఎలా దొరుకుతుందో ఆమెకూ తెలియదు. కేసు మాలకీ చేతిలో ఉంది కాబట్టి ఆశ మరీ తక్కువగా ఉంది.

మాలకీ విచారణ మొదలుపెట్టిన మొదటి పది నిమిషాల్లోనే ఒక గొప్ప పని చేశాడు. లోర్కన్ పేరు అనుమానితుల పట్టికలోంచి కొట్టేశాడు. సైన్సు చదివినవాడు అలాంటి బొమ్మను వేలితో కూడా ముట్టుకోడట, అది వాళ్ళ ఉద్యోగ నిబంధనట. తర్వాత కౌంటర్లో ఉన్న రిజిస్టర్ తెప్పించుకుని, భూతద్దం పెట్టి, పెద్ద పెద్ద అక్షరాలు కూడా దానితోనే చదివాడు. ఒక పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

"వ్లాస్తా. నాలుగో నంబరు మంచం. దేశం?"

"చెక్ దేశం," అంది ఎత్నా.

"ప్రాగ్ ఎక్కడుంది?"

"చెక్ దేశంలో. అయితే?"

మాలకీ ఇక మాట్లాడలేదు. మూడు వందల ఏళ్ళుగా ప్రాగ్ నగరం తన బాలయేసు కోసం కాచుకుని కూర్చుందనీ, ప్రపంచం నలుమూలలా తిరిగి బొమ్మలను వెనక్కి తెచ్చే రహస్య దళం ఒకటి ఉందనీ, ఆ దళం నాయకురాలు ప్రస్తుతం తమ నాలుగో నంబరు మంచం మీద సాక్సులు ఆరేసుకుంటోందనీ తర్వాత తీరిగ్గా వివరించాడు. పైగా నిన్న సాయంత్రం ఆవిడ కౌంటర్ దగ్గరకు వచ్చి పెద్ద అట్టపెట్టె, పాత పేపర్లు అడిగింది. ఇంతకన్నా ఏం కావాలి? ఊళ్ళో బాలయేసు లేని ఇల్లు లేదు, అన్నీ వదిలి మా అమ్మదే ఎందుకు ఎత్తుకెళ్తుందని నూలా అడిగింది. అన్నీ పోతాయి వదినా, మనది మొదటిది, అన్నాడు మాలకీ బొంగురు గొంతుతో.

వ్లాస్తా అరవై ఏళ్ళ మనిషి. రిటైరైన బస్సు డ్రైవరు. పాపం, తోటి బస్సు మనిషి అన్న అభిమానం కూడా చూపకుండా మాలకీ ఆమె సూట్‌కేసు మీద పడ్డాడు. నల్లుల తనిఖీ అన్నాడు. నల్లుల కోసం భూతద్దం ఎందుకని ఆవిడ అడిగింది. గదిలో ఉన్న మిగతావాళ్ళందరూ మంచాల మీంచి తలలు వేలాడేసి చూస్తున్నారు. ఆవిడ మొహం ఎర్రబడింది. తనే సూట్‌కేసు తెరిచి లోపలున్నవన్నీ నేల మీద ఒక్కొక్కటే పెట్టింది. ఆరు సీసాల దోసకాయ ఊరగాయ, ఒక పిండి సంచి, మోచెయ్యంత సాసేజ్, మనవలకు కొన్న ఉన్ని స్వెటర్లు నాలుగు. పెట్టె అడిగింది ఆ స్వెటర్లు పోస్టులో పంపడానికట. మాలకీ సాసేజ్‌ను చాలాసేపు అనుమానంగా నొక్కి చూశాడు. దాని లోపల బొమ్మ పట్టదని ఎత్నా చెప్పాల్సి వచ్చింది.

"నన్ను దొంగ అంటున్నారా?" అని అడిగింది వ్లాస్తా, ఎత్నా వైపు తిరిగి.

ఎత్నాకు తల కొట్టేసినట్టయింది. కాదు కాదని గొణిగింది. ఆవిడ కోటు వేసుకుని, సముద్రం దాకా నడిచి వస్తానని ఎవరి వైపూ చూడకుండా చెప్పి వెళ్ళిపోయింది.

"సరుకు చేతులు మారబోతోంది," అన్నాడు మాలకీ. గోడకు తగిలించి ఉన్న ఎవరిదో పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్నాడు, మారువేషం కోసం. ఊరు ఊరంతా బూడిదరంగులో ఉన్న ఆ మధ్యాహ్నం అర మైలు దూరం నుంచి కూడా ఆయన ఒక్కడే కనిపిస్తాడు. వీడు ఆ పెద్దావిడను ఇంకేం చేస్తాడోనని, వెంట వెళ్ళమని నూలా ఎత్నాను పంపింది. అప్పటికి మూడు దాటింది.

సాల్ట్‌హిల్ ఒడ్డున పొడవాటి నడకదారి. ఒకపక్క సముద్రం, ఒకపక్క గాలి, నిజం చెప్పాలంటే రెండు పక్కలా గాలే. దారి చివర ఒక గోడ ఉంటుంది. గాల్వే మనిషి ఆ దారిన నడిచాడంటే చివర ఆ గోడను కాలితో ఓ తన్ను తన్నిగాని వెనక్కి తిరగడు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. తన్నకపోతే నడిచినట్టు కాదు, అంతే. డాక్టర్లు తన్నుతారు, నన్‌లు తన్నుతారు, తోపుడుబండిలో పసిపిల్లను తీసుకొచ్చిన తల్లులు ముందు తాము తన్ని, తర్వాత ఆ పిల్ల కాలు పట్టుకుని గోడకు ఆనిస్తారు.

వ్లాస్తా గోడ దాకా వెళ్ళింది, కాసేపు సముద్రం చూసింది, గోడను తన్నకుండానే వెనక్కి తిరిగింది.

"చూశావా? తన్నలేదు. ఇది నేరస్థుల నడక," అన్నాడు మాలకీ పళ్ళ మధ్య నుంచి.

"ఆవిడది ఈ ఊరు కాదు మాలకీ."

"అదేగా నేనూ అంటున్నది."

ఆవిడ ఇటే వస్తోంది. ఎదురుపడితే రహస్యం బయటపడుతుందని మాలకీ ఒక్క గెంతున కట్ట దిగి, వంగి వంగి బండల వెంబడి పరుగెత్తి, చుట్టు తిరిగి గోడ అవతలి పక్కకు చేరాడు. వ్లాస్తా ఎత్నాకు తలూపి, బండల్లో పరుగెత్తిన పసుపు కోటాయనకు ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగి, హాస్టల్ వైపు వెళ్ళిపోయింది.

అంతటితో మాలకీ గోడ ఇవతలికి వచ్చేస్తే కథ వేరేగా ఉండేది. కాని అక్కడ ఆయనకు ఒక ధర్మసంకటం ఎదురైంది. దారి మొత్తం నడిచాడు. గోడ దాకా వచ్చాడు. తన్నలేదు. ఇటు వచ్చి తన్నుదామంటే నేరస్థురాలు ఇంకా కనుచూపు మేరలోనే ఉంది. తన్నకుండా పోదామంటే కాలు ఒప్పుకోవడం లేదు. యాభై ఏళ్ళ అలవాటు. చివరికి, గాల్వే చరిత్రలో ఎవరూ చెయ్యని పని, గోడను అవతలి వైపు నుంచి తన్నాడు. ఆ వైపు నేలంతా నాచు. కాలు జారింది. గోడ మొదట్లో రెండు రాళ్ళ మధ్య గూడులా ఉన్న చోట బూటు బలంగా దిగబడింది. టక్కుమని ఏదో విరిగింది.

"కాలా?" అని అరిచింది ఎత్నా గోడ మీంచి వంగి.

"తల," అన్నాడు మాలకీ.

రాళ్ళ మధ్య ఎర్ర అంగీ వేసుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు బాలయేసు. తల మాత్రం మాలకీ బూటు పక్కన పడి ఉంది, కిరీటంతో సహా. మాలకీ దాన్ని రెండు చేతులా ఎత్తాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. వదిన తనను బతకనివ్వదని మొదటిసారి ఒక సరైన నిర్ధారణకు వచ్చాడు.

అంతలో దారి వెంట, అలల తుంపరకు తడిసి ముద్దై, సైకిల్ మీద రొప్పుకుంటూ లోర్కన్ వచ్చాడు. గోడ దగ్గర ఎత్నాను చూసి ఆగిపోయాడు. బొమ్మను చూశాడు. తల లేని బొమ్మను చూశాడు. సైకిల్‌ను అలాగే కింద పడేశాడు.

"నేనే పెట్టాను ఎత్నా. తిరిగి తీసుకెళ్దామనే వచ్చాను," అన్నాడు చిన్న గొంతుతో.

మాలకీ అప్పటికి నాచు మీద అడుగుజాడలు కొలుస్తున్నాడు, అన్నీ తనవే, కాబట్టి ఆ మాట వినలేదు. ఎత్నా విన్నది. నాకు చెప్పి లాభం లేదు నాయనా, చెప్పాల్సిన చోట చెప్పాలి అంది. చెబితే గ్రాన్యా దక్కదన్నాడు లోర్కన్.

నాలుగున్నరకు అందరూ హాస్టల్ వంటగదిలో ఉన్నారు. నూలా చేతిలో ఫోన్ ఉంది. గ్రాన్యా కళ్ళు వాచి ఉన్నాయి. వ్లాస్తా పొయ్యి దగ్గర చారు కాచుకుంటోంది. మాలకీ మొండాన్ని బల్ల మీద పెట్టి గలీబు కప్పాడు. తల మాత్రం రెయిన్‌కోటు జేబులో దాచాడు, సరైన సమయం కోసం. ఆయన లెక్కన సరైన సమయం అంటే నూలా వేరే ఊరు వెళ్ళినప్పుడు.

తర్వాత ఉపన్యాసం మొదలైంది. అంతర్జాతీయ ముఠా, మూడు వందల ఏళ్ళ పగ, రాళ్ళ మధ్య దాచిన సరుకు, నీడలా వెంటాడిన తాను, బెదిరి చేతులెత్తేసిన నాయకురాలు. వేలు చాచి వ్లాస్తాను చూపించాడు. కథ ఎక్కడా అతకలేదు, కాని వినడానికి హాయిగా ఉంది. బొమ్మ దొరికింది, దొంగ పరాయి మనిషి, పెళ్ళి నిలబడింది. నూలా ముఖంలో బిగువు సడలడం ఎత్నా చూసింది. గ్రాన్యా లోర్కన్ చెయ్యి పట్టుకుంది. అందరికీ సరిపోయింది ఆ అబద్ధం, గరిటె పట్టుకుని నిలబడ్డ ఆ ఒక్క మనిషికి తప్ప.

"ప్రాగ్ వాళ్ళ కోసం నేను దొంగతనం చెయ్యడమా?" అంది వ్లాస్తా. "మాది బ్ర్నో ఊరు. ప్రాగ్ వాళ్ళకు దారి అడిగినా చెప్పం."

నూలా లేచింది. మీ సామాను సర్దుకోండి, ఈ రాత్రికి వేరే చోటు చూసుకోండి అంది.

ఎత్నా నోరు తెరవబోయింది. అంతకన్నా ముందే లోర్కన్ గ్రాన్యా చెయ్యి వదిలించుకున్నాడు.

"ఆవిడ కాదండీ. బొమ్మను తీసింది నేను."

నూలా అతని వైపు తిరిగింది. తను అనుకున్నదే నిజమైనందుకు ఆమె ముఖంలో సంతోషమేమీ లేదు.

"పారేశావా?"

"లేదండీ. శనివారానికి వాతావరణ మ్యాపు చూశాను. పడమర నుంచి పెద్ద వాయుగుండం వస్తోంది. రాత్రంతా కూర్చుని నాలుగుసార్లు లెక్క వేశాను. నాలుగుసార్లూ వానే. నా చదువు అక్కడితో అయిపోయింది. గ్రాన్యాకు మీ పెళ్ళిలాంటి ఎండ కావాలని ఉంది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు, అందుకని..." అతను తల వంచుకున్నాడు. "అంత పెద్ద వానకు ఒక్క రాత్రి చాలదనిపించింది. అందుకే గురువారమే పెట్టాను. పెరట్లో పెడితే మీరు చూస్తారు. భోజనాల దగ్గర అన్ని మాటలన్నవాణ్ణి, ఏ మొహంతో అడగను?"

నూలా ఫోన్ బల్ల మీద పెట్టింది. "ముఖం ఎటు పెట్టావు?"

"సముద్రం వైపు. వాన వచ్చేది అటునుంచే కదండీ. ఊళ్ళోకి రాకముందే ఆపుతాడేమోనని."

"మా అమ్మ కూడా అటే పెట్టేది," అంది నూలా. కుర్చీ ఒకటి అతని వైపు జరిపింది. "ఎత్నా, టీ పెట్టవే. లోర్కన్ తడిసిపోయి ఉన్నాడు," అంది.

నూలా నోట అతని పేరు వినిపించి రెండు నెలలయింది. గ్రాన్యా మళ్ళీ ఏడ్చింది, ఈసారి తల్లి భుజం మీద. నూలా వ్లాస్తా దగ్గరకు వెళ్ళి, క్షమించమని అడగడం అలవాటు లేని మనిషి కాబట్టి, రేపు పెళ్ళికి రావాలి, ముందు వరసలో కూర్చోవాలి అని ఆజ్ఞాపించింది. తర్వాత బల్ల దగ్గరకు వచ్చి గలీబు తీసింది.

"తలేది?"

మాలకీ జేబులోంచి తల తీసి బల్ల మీద పెట్టాడు. ఎత్నాకు అసలు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బాలయేసు తల అనుకోకుండా విరిగితే అంతకు మించిన అదృష్టం ఉండదని పాతకాలం వాళ్ళు చెబుతారు. మూడు తరాలుగా ఈ ఇంట్లో అందరూ ఎదురుచూసిన అదృష్టం అది. కాని ఒక షరతు ఉంది, కావాలని విరగ్గొడితే పనికిరాదు.

"ఎలా విరిగింది మాలకీ?" అంది నూలా. "కావాలని చేశావా, అనుకోకుండా జరిగిందా? దేవుడి మీద ఒట్టేసి చెప్పు."

మాలకీ ఛాతీ విరుచుకున్నాడు. ఆ తన్ను వెనక ఉన్న మేధస్సు గురించీ, కోణం గురించీ, తాను ముందే ఊహించిన గూడు గురించీ చెప్పడానికి నోరు తెరిచాడు. ఎత్నా బల్ల కింద ఆయన నాచు బూటును మడమతో గట్టిగా తొక్కింది. ఆయన ఎత్నాను చూశాడు. గ్రాన్యాను చూశాడు. జీవితంలో ఎన్నడూ పడనంత బాధ పడ్డాడు.

"అనుకోకుండానే వదినా," అన్నాడు చివరికి. "అసలు అక్కడ ఏముందో నాకు తెలియదు. నాకేం తెలియదు. కాలు జారింది, అంతే."

నూలా ఆయన నుదుటి మీద ముద్దు పెట్టింది. మాలకీ పరిష్కరించిన కేసుల్లో ఆయన నిజం చెప్పింది అదొక్కటే.

మర్నాడు వాన పడింది. మామూలుగా కాదు, లోర్కన్ నాలుగుసార్లు లెక్క వేసినట్టే, చర్చి మెట్ల మీద నీళ్ళు కాలవ కట్టేలా పడింది. బొమ్మ లేకపోతే తుఫానే వచ్చేదని నూలా కనబడినవాళ్ళందరికీ చెప్పింది. కొత్త జంట చర్చి బయటికి రాగానే తన గొడుగు తెరిచి, పొద్దున్నే చేయించుకున్న జుట్టు కారిపోతున్నా పట్టించుకోకుండా, అల్లుడి నెత్తిన పట్టింది. రెండో అడుగులోనే గాలికి గొడుగు తిరగబడింది, మూడో అడుగులో గుడ్డ ఎగిరిపోయింది. నూలా కర్రా ఊచలూ అలాగే పట్టుకుని, కారు దాకా అతని పక్కనే నడిచింది.